గాలి బరువు చూడకుండా ఫ్యాను కొనవద్దు

సాంకేతిక పాఠం: పాల సంఘాల సభ్యులకు, కార్యదర్శులకు, పాలక వర్గ సభ్యులకు

పాలు పోసే రైతుకు ఫ్యాన్ల లెక్కతో ఏమి పని అని కొందరు అనుకోవచ్చు. కాని సంఘంలో పోసిన పాలు పులియకుండా, వాసన పట్టకుండా పట్నం చేరాలంటే దారి పొడవునా ఎన్నో ఫ్యాన్లు తిరగాలి. ఊళ్లో బల్క్ కూలరు కండెన్సరు వెనుక ఒక ఫ్యాను తిరుగుతుంది. శీతలీకరణ కేంద్రంలో, బాయిలరు పొగగొట్టం దగ్గర, దాణా మిల్లులో, పాలపొడి ఫ్యాక్టరీలో రకరకాల ఫ్యాన్లు ఉంటాయి. వాటిలో ఒక్కటి చాలకపోయినా నష్టం చివరకు పాలు పోసినవాడి బిల్లులోనే తేలుతుంది. వీటిని కొనేది మన వాటా ధనంతో. కొనుగోలు తీర్మానం మీద చేతులెత్తేది మనమే. కనుక ఈ లెక్కను సభ్యులందరూ ఒకసారి తెలుసుకోవడం మంచిది. లెక్క కష్టమైనది కాదు. గుణకారం, భాగహారం వస్తే చాలు.

మనకు తెలిసిన పోలిక

మన సంఘంలో పాలు పరీక్షించే వ్యక్తి లాక్టోమీటరు రీడింగును చూసి అలాగే రాసుకోడు. ముందు పాల ఉష్ణోగ్రత చూస్తాడు. లాక్టోమీటరు ఏ ఉష్ణోగ్రతకు తయారైందో, పాలు అంతకంటే వేడిగా ఉంటే రీడింగుకు కలుపుతాడు, చల్లగా ఉంటే తీసివేస్తాడు. ఎందుకు? పాలు వేడెక్కితే కొద్దిగా వ్యాకోచించి, అదే లీటరు తేలికవుతుంది. ఆ సవరణ చేయకపోతే మంచి పాలు పోసినవాడికి అన్యాయం జరుగుతుంది.

గాలి విషయమూ ఇంతే. తేడా ఏమిటంటే, పాలు వేడికి కొద్దిగానే తేలికవుతాయి, గాలి చాలా తేలికవుతుంది. పాలకు సవరణ చేసే మనం గాలికి చేయకుండా ఫ్యాను కొంటే ఎలా?

ఫ్యాను కుంచం వంటిది

ఫ్యాను కుంచంతో కొలిచే మనిషి వంటిది. కుంచంలో వడ్లు పోసినా, ఊక పోసినా కుంచం నిండేది ఒకే పరిమాణంలో. కాని వడ్ల కుంచం బరువు వేరు, ఊక కుంచం బరువు వేరు. ఫ్యాను కూడా ఒక వేగంతో తిరిగేటప్పుడు గంటకు ఇన్ని ఘనపు మీటర్లు అని గాలిని కొలిచి తోస్తుంది. ఆ గాలి చల్లనిదైనా వేడిదైనా దాని కొలత మారదు. మారేది ఆ కొలతలోని గాలి బరువు.

మన పనులకు కావలసింది మాత్రం బరువే. కండెన్సరు వేడిని మోసుకుపోయేది గాలి బరువు. పాలపొడిలో తడిని ఆర్చేది గాలి బరువు. పొయ్యిలో ఊకను మండించేదీ గాలి బరువే. ఫ్యాను ఇచ్చేది కుంచం, మనకు కావలసింది తూకం. ఈ పాఠమంతా ఈ ఒక్క మాట మీదనే నిలబడి ఉంది.

కంపెనీల పుస్తకాల్లో ఉండే పట్టికలు ప్రామాణిక గాలికి రాసినవి. అంటే సముద్ర మట్టం దగ్గర, 20 డిగ్రీల సెల్సియస్ వద్ద, ఘనపు మీటరుకు 1.2 కిలోల బరువుండే గాలి. రాయికల్ మే నెల ఎండలో ఆ గాలి దొరకదు. బాయిలరు పొగగొట్టంలో అసలే దొరకదు.

గాలి బరువును మార్చేవి నాలుగు

మొదటిది ఉష్ణోగ్రత. వేడెక్కిన గాలి వ్యాకోచించి తేలికవుతుంది. నాలుగింటిలో దీని ప్రభావమే ఎక్కువ.

రెండవది ఎత్తు. సముద్ర మట్టం నుంచి పైకి పోయినకొద్దీ వాతావరణ పీడనం తగ్గుతుంది. రాయికల్, జగిత్యాల, కోరుట్ల ప్రాంతం సుమారు 250 నుంచి 300 మీటర్ల ఎత్తున ఉంది. ఇక్కడ గాలి సముద్రతీరం కంటే సుమారు 3 శాతం పలుచన. హైదరాబాదులో సుమారు 6 శాతం, అరకులో సుమారు 10 శాతం పలుచన. విశాఖపట్నం రేవు దగ్గర సరిగా పనిచేసిన ఫ్యానునే అరకులో బిగిస్తే అదే ఫలితం రాదు.

మూడవది తేమ. తేమ గాలి బరువుగా ఉంటుందని చాలామంది నమ్మకం. నిజం దీనికి విరుద్ధం. నీటి ఆవిరి గాలికంటే తేలిక. అందుచేత ఒకే ఉష్ణోగ్రత వద్ద తేమగాలి పొడిగాలికంటే తేలికగా ఉంటుంది. వానాకాలంలో 32 డిగ్రీల వేడి, 80 శాతం తేమ ఉన్నప్పుడు ఈ తేడా సుమారు ఒకటిన్నర శాతం. మామూలు ఫ్యానుకు దీన్ని వదిలేసినా నష్టం లేదు. పాలపొడి డ్రయ్యరు నుంచి బయటికి లాగే ఫ్యానుకు మాత్రం వదలకూడదు.

నాలుగవది పీల్చే వైపు పీడనం. ఫ్యానుకు ముందు సైక్లోన్లు, సంచి ఫిల్టర్లు, పొడవైన డక్టులు ఉంటే ఫ్యాను నోటి దగ్గర పీడనం వాతావరణ పీడనం కంటే తగ్గుతుంది. 200 మిల్లీమీటర్ల నీటి పీడనంతో పీల్చే చోట గాలి సుమారు 2 శాతం పలుచనవుతుంది.

లెక్క కట్టే విధానం

పొడిగాలి సాంద్రతకు సులభమైన సూత్రం ఇది:

1.2 × 293 ÷ (273 + గాలి ఉష్ణోగ్రత) × ఎత్తు గుణకం

మన ప్రాంతానికి ఎత్తు గుణకం 0.97. హైదరాబాదుకు 0.94. ఇక్కడ ఉష్ణోగ్రత అంటే ఫ్యాను నోట్లోకి పోయే గాలి ఉష్ణోగ్రత. బజారులోని ఉష్ణోగ్రత కాదు, ఫ్యాను దాటిన తర్వాతి ఉష్ణోగ్రత కూడా కాదు. ఈ సూత్రం ప్రకారం మన ప్రాంతంలో ఘనపు మీటరు గాలి బరువు ఇలా ఉంటుంది:

చలికాలపు తెల్లవారుజామున, 12 డిగ్రీలు: 1.20 కిలోలు
20 డిగ్రీలు: 1.16 కిలోలు
30 డిగ్రీలు: 1.13 కిలోలు
మే నెల మధ్యాహ్నం, 45 డిగ్రీలు: 1.07 కిలోలు
డ్రయ్యరు నుంచి వచ్చే గాలి, 90 డిగ్రీలు: 0.94 కిలోలు (తేమ లెక్క కాకుండా)
బాయిలరు పొగ, 180 డిగ్రీలు: 0.75 కిలోలు

చలికాలపు తెల్లవారుజాముకు, మే మధ్యాహ్నానికి మధ్య తేడా సుమారు 11 శాతం. బాయిలరు పొగ అయితే ప్రామాణిక గాలిలో మూడింట రెండు వంతుల బరువు కూడా తూగదు.

సాంద్రత తగ్గితే ఫ్యానులో ఏమి మారుతుంది?

మూడు సంగతులు గుర్తుంచుకుంటే చాలు.

1. ఫ్యాను తోసే ఘనపరిమాణం మారదు.
2. ఫ్యాను ఇచ్చే పీడనం సాంద్రతతోపాటు అదే నిష్పత్తిలో తగ్గుతుంది.
3. ఫ్యాను తీసుకునే కరెంటు శక్తి కూడా అదే నిష్పత్తిలో తగ్గుతుంది.

ఇందులో నుంచి రెండు పనులు పుడతాయి. పట్టికలో వెతకవలసిన పీడనం ఎంత అంటే, మనకు నిజంగా కావలసిన పీడనాన్ని 1.2 తో గుణించి, నిజమైన సాంద్రతతో భాగించాలి. అది మన అవసరం కంటే పెద్ద సంఖ్యే వస్తుంది. చిన్న సంఖ్య వస్తే లెక్క తిరగబడిందన్నమాట. ఇక పట్టికలో చూపిన శక్తిని నిజమైన సాంద్రతతో గుణించి 1.2 తో భాగిస్తే, పని వేడిలో మోటారు మీద పడే బరువు తెలుస్తుంది.

మొదటి ఉదాహరణ: బల్క్ కూలరు కండెన్సరు

ఒక పూట వెయ్యి లీటర్ల పాలను 35 డిగ్రీల నుంచి 4 డిగ్రీలకు మూడు గంటల్లో చల్లార్చాలనుకుందాం. పాల నుంచి తీయవలసిన వేడి సుమారు 30,000 కిలోకెలోరీలు, అంటే గంటకు 10,000. కంప్రెసరు పుట్టించే వేడి గంటకు మరో 4,000 అనుకుందాం. ఈ 14,000 కిలోకెలోరీలను కండెన్సరు ఫ్యాను గాలిలోకి వదలాలి.

ఒక కిలో గాలి ఒక డిగ్రీ వేడెక్కడానికి 0.24 కిలోకెలోరీ తీసుకుంటుంది. గాలి 10 డిగ్రీలు వేడెక్కేలా చూస్తే గంటకు సుమారు 5,830 కిలోల గాలి కావాలి. ప్రామాణిక గాలి లెక్కన ఇది 4,860 ఘనపు మీటర్లు. మే నెల గాలి లెక్కన 5,450 ఘనపు మీటర్లు. తేడా 12 శాతం.

ప్రామాణిక లెక్కతో కొన్న ఫ్యాను మేలో పంపేది 5,200 కిలోలే. అప్పుడు గాలి 10 డిగ్రీలకు బదులు 11.2 డిగ్రీలు వేడెక్కుతుంది. ఈ ఒక్క డిగ్రీ పైచిలుకుతో కొంప మునగదు. మనం నిజంగా భయపడవలసింది ఇంకొకటి ఉంది. కండెన్సరును గోడకు ఆనించి పెట్టినా, చిన్న గదిలో జనరేటరు పక్కన బిగించినా, తాను వదిలిన వేడిగాలినే ఫ్యాను మళ్లీ పీలుస్తుంది. బయట 45 డిగ్రీలు ఉన్నప్పుడు ఫ్యాను నోటి దగ్గర థర్మామీటరు పెట్టి చూస్తే 50 దాటి ఉండవచ్చు. అప్పుడు కంప్రెసరు మీద ఒత్తిడి పెరుగుతుంది, కరెంటు ఎక్కువ కాలుతుంది, చివరకు హై ప్రెషర్ స్విచ్ పడి యంత్రం ఆగుతుంది. ట్యాంకులో పాలు ఇంకా 15 డిగ్రీల దగ్గరే ఉంటాయి.

అందుచేత బల్క్ కూలరు దగ్గర మొదట చేయవలసిన పని పెద్ద ఫ్యాను కొనడం కాదు. కండెన్సరు ముందు, వెనుక ఖాళీ ఉండాలి. వేడిగాలి బయటికి పోయే దారి, చల్లగాలి లోపలికి వచ్చే దారి వేర్వేరుగా ఉండాలి. పడమటి ఎండ తగలకుండా పైన నీడ వేయాలి గాని నాలుగు వైపులా రేకులు కొట్టి మూయకూడదు. ఊక, దుమ్ము పట్టిన రెక్కలను వరి కోతల కాలంలో తరచుగా శుభ్రం చేయించాలి. ఇవన్నీ చేసిన తర్వాత కూడా చాలకపోతేనే ఫ్యాను సంగతి చూడాలి.

రెండవ ఉదాహరణ: పాలపొడి ఫ్యాక్టరీ

పాలపొడి యంత్రం విలువ పాడి రైతుకు వేరే చెప్పనక్కరలేదు. పాలు పొంగి వచ్చే కాలంలో పట్నంలో అమ్ముడుపోగా మిగిలిన పాలను పొడి చేయకపోతే సంఘాలకు పాల సెలవులు ప్రకటించవలసి వస్తుంది. బర్రెకు సెలవులుండవు. బర్రె పాలతో పొడి చేయడం కుదరదన్న మాటను 1955లో ఆనంద్‌లోని కైరా సహకార సంఘం అబద్ధం చేసింది. హెచ్.ఎం. దలాయా అనే ఇంజనీరు అక్కడ స్ప్రే డ్రయ్యరుతో బర్రె పాలపొడి తీసి చూపారు. సహకార పాడి పరిశ్రమ దేశంలో నిలబడటానికి ఆ యంత్రం ఒక పునాదిరాయి. ఆ యంత్రం నడిచేదే గాలి మీద.

స్ప్రే డ్రయ్యరుకు రెండు పెద్ద ఫ్యాన్లుంటాయి. ఒకటి బయటి గాలిని పీల్చి హీటరు గుండా గదిలోకి పంపుతుంది. రెండవది ఆ గదిలోని తడిగాలిని సైక్లోన్ల గుండా బయటికి లాగుతుంది. చూడటానికి లోపలికి పోయిన గాలే బయటికి వస్తుంది కదా, రెండూ ఒకే కొలత ఫ్యాన్లు చాలవా అనిపిస్తుంది. చాలవు. ఎందుకో చూద్దాం.

గంటకు 10,000 కిలోల పొడిగాలి వాడే డ్రయ్యరును ఉదాహరణగా తీసుకుందాం. మే నెలలో బయటి గాలి 45 డిగ్రీలు, అందులో కిలోకు 10 గ్రాముల తేమ. మొదటి ఫ్యాను పీల్చవలసింది గంటకు సుమారు 9,470 ఘనపు మీటర్లు.

ఆ గాలి 190 డిగ్రీల దాకా వేడెక్కి గదిలోకి పోయి, పాల తుంపరల నుంచి గంటకు సుమారు 400 కిలోల నీటిని ఆవిరి చేసి, 90 డిగ్రీల వద్ద బయటికి వస్తుందనుకుందాం. ఇప్పుడు గాలి వేడిగా ఉంది. దానికి 400 కిలోల ఆవిరి తోడయింది. ఫ్యాను నోటి దగ్గర 200 మిల్లీమీటర్ల పీల్పు కూడా ఉంది. ఈ మూడూ కలిపి లెక్క కడితే రెండవ ఫ్యాను లాగవలసింది సుమారు 11,700 ఘనపు మీటర్లు, సాంద్రత సుమారు 0.9 కిలో. మొదటి ఫ్యాను కంటే దాదాపు నాలుగో వంతు ఎక్కువ కొలత.

రెండవ ఫ్యాను చాలకపోతే గదిలో పీడనం పెరిగి, తలుపుల సందుల నుంచి పొడి బయటికి కారుతుంది. ఆపరేటరు మొదటి ఫ్యానును అణచి నడపవలసి వస్తుంది. దాంతో డ్రయ్యరు శక్తి తగ్గుతుంది.

ఇప్పుడు ఫ్యాను ఎంచుకుందాం. కావలసింది 11,700 ఘనపు మీటర్లు, 0.9 సాంద్రత వద్ద 200 మిల్లీమీటర్ల పీడనం.

పట్టికలో వెతకవలసిన పీడనం: 200 × 1.2 ÷ 0.9 = 267 మిల్లీమీటర్లు.

ఘనపరిమాణం మాత్రం 11,700గానే చూడాలి. దాన్ని సవరించకూడదు. ఈ రెండూ కలిసే చోట ఉన్న ఫ్యాను 65 శాతం సామర్థ్యంతో పనిచేస్తుందనుకుంటే పట్టికలో శక్తి సుమారు 13 కిలోవాట్లు ఉంటుంది. 0.9 సాంద్రత వద్ద అది 13 × 0.9 ÷ 1.2, అంటే సుమారు 9.8 కిలోవాట్లు.

9.8 చూసి 11 కిలోవాట్ల మోటారు, అంటే 15 హెచ్.పి. సరిపోతుందని ఆర్డరు రాస్తే పొరపాటు. ప్రతిరోజూ డ్రయ్యరును మొదలుపెట్టేటప్పుడు హీటరు వేడెక్కకముందే ఫ్యాను తిరుగుతుంది. అప్పుడు అది లాగేది 30 డిగ్రీల బరువు గాలి. అదే తలుపు తెరపితో శక్తి 12 కిలోవాట్లు దాటుతుంది. చలికాలంలో 13 దాకా పోతుంది. కనుక 15 కిలోవాట్లు, అంటే 20 హెచ్.పి. మోటారే పెట్టాలి.

దీన్ని ఒక మాటగా గుర్తుంచుకోవచ్చు: గాలి లెక్క ఎండాకాలానికి కట్టు, మోటారు లెక్క చలికాలానికి కట్టు.

సవరణ చేయకుండా పట్టికలో 200 మిల్లీమీటర్ల దగ్గరే ఫ్యాను ఎంచుకుంటే ఏమవుతుంది? పని వేడిలో అది ఆ కొలత దగ్గర ఇచ్చేది 150 మిల్లీమీటర్లే. డక్టులు, సైక్లోన్లు 200 అడుగుతుంటే ఫ్యాను ఇవ్వలేక గాలి తగ్గిస్తుంది. గాలి పదింట ఒక వంతు తగ్గిందనుకుందాం. గంటకు 400 కిలోలకు బదులు 360 కిలోల నీరే ఆరుతుంది. చిక్కబరిచిన పాలలో 45 శాతం ఘనపదార్థం ఉంటే ఒక కిలో పొడికి సుమారు 1.13 కిలోల నీరు ఆరాలి. అంటే గంటకు 35 కిలోల పొడి తగ్గుతుంది. రోజుకు 20 గంటలు నడిపితే 700 కిలోలు. ఆ పొడి కావడానికి ఏడు వేల లీటర్లకు పైగా వెన్న తీసిన పాలు కావాలి. ఒక చిన్న భాగహారం మరచినందుకు రోజూ ఏడు వేల లీటర్ల పాలు దారి వెతుక్కోవాలి. అది ఎన్ని ఊళ్ల పాలో ఎవరి సంఘం లెక్క వారు చూసుకోవచ్చు.

మూడవ ఉదాహరణ: బాయిలరు పొగ ఫ్యాను

పాశ్చరైజేషనుకు, డబ్బాలు కడగడానికి ఆవిరి కావాలి. ఆవిరికి బాయిలరు కావాలి. మన ప్రాంతంలో పారాబాయిల్డ్ రైస్ మిల్లులకు, సిరిసిల్లలో సైజింగు, అద్దకం పనులకు కూడా ఇటువంటి బాయిలర్లే. వాటి పొగను లాగే ఫ్యాను 180 డిగ్రీల గాలిని పీలుస్తుంది. సాంద్రత 0.75.

ఇక్కడ పీడనం సవరణ చాలా పెద్దది. 80 మిల్లీమీటర్లు కావలసిన చోట పట్టికలో 128 మిల్లీమీటర్ల దగ్గర వెతకాలి.

మోటారు సంగతి ఇంకా జాగ్రత్తగా చూడాలి. వేడి పొగ మీద 10 హెచ్.పి. తీసుకునే ఫ్యాను, పొయ్యి వెలిగించక ముందు 30 డిగ్రీల గాలి మీద సుమారు 15 హెచ్.పి. అడుగుతుంది. 10 హెచ్.పి.కి సరిపెట్టిన మోటారు అయితే మొదటి ఉదయమే రిలే కొట్టేస్తుంది. ఆపరేటరు విసిగి రిలేను పైకి తిప్పితే కొద్దిరోజుల్లో మోటారు కాలిపోతుంది. దీనికి మందు రెండు రకాలు. ఒకటి, చల్లగాలికి సరిపడే మోటారు కొనడం. రెండు, సెంట్రిఫ్యూగల్ ఫ్యాను అయితే డాంపరు మూసి స్టార్టు చేసి, పొగ వేడెక్కినకొద్దీ తెరవడం. గొట్టంలో నిలువుగా బిగించే యాక్సియల్ ఫ్యానుకు ఈ రెండవ పద్ధతి పనికిరాదు. గాలిని మూస్తే దాని మీద భారం తగ్గకపోగా పెరుగుతుంది.

వేడి పొగ ఫ్యానుకు మరొక షరతు: బేరింగులు, షాఫ్టు, రెక్కల లోహం ఆ వేడిని తట్టుకునేవని కంపెనీ రాసి ఇవ్వాలి. సాంద్రత లెక్క సరిపోయినంత మాత్రాన ఫ్యాను వేడికి పనికివస్తుందని కాదు.

పశువుల పాక సంగతి

పాకలో ఫ్యాను పెట్టే రైతులు ఈమధ్య పెరిగారు. ఇక్కడ సాంద్రత లెక్క అక్కరలేదు. లోపలికి వచ్చే గాలి వేడిని మాత్రం చూడాలి. పశువు ఒంటి వేడి సుమారు 38.5 డిగ్రీలు. అంతకంటే వేడిగా ఉన్న గాలిని పొడి ఒంటి మీదికి కొడితే పశువు చల్లబడదు, ఇంకా వేడెక్కుతుంది. ముందు ఒంటిని తడిపి, తర్వాత గాలి కొట్టాలి. నీరు ఆరేటప్పుడు ఒంటి వేడిని తీసుకుపోతుంది. ఫ్యాను గాలి పీల్చే వైపు చెట్టు నీడ ఉండేలా చూడాలి, రేకుల కప్పు కింది వేడిని పీల్చేలా బిగించకూడదు.

తరచుగా జరిగే పొరపాట్లు

మొదటిది, రెండుసార్లు సవరించడం. కొందరు డక్టు పీడనాన్ని ప్రామాణిక గాలికే లెక్క కట్టి ఇస్తారు. వేడిగాలికి డక్టు అడిగే పీడనమూ, ఫ్యాను ఇచ్చే పీడనమూ ఒకే నిష్పత్తిలో తగ్గుతాయి. అటువంటప్పుడు పట్టికలో ఆ పీడనాన్నే వెతకాలి, మళ్లీ సవరించకూడదు. కనుక పీడనం చెప్పేటప్పుడు అది ఏ సాంద్రతకో పక్కన రాయాలి.

రెండవది, నార్మల్ ఘనపు మీటర్ల గందరగోళం. నార్మల్ ఘనపు మీటరు అంటే 0 డిగ్రీల వద్ద, సముద్ర మట్టం పీడనం వద్ద కొలిచినది. గంటకు 10,000 నార్మల్ ఘనపు మీటర్లు మన మే నెల గాలిలో సుమారు 12,000 ఘనపు మీటర్లవుతాయి. నార్మల్ అన్న మాట ఒకటి వదిలేస్తే ఫ్యాను ఆరో వంతు చిన్నదవుతుంది.

మూడవది, చాలని ఫ్యానుకు పుల్లీ మార్చి వేగం పెంచడం. వేగం 10 శాతం పెంచితే గాలి 10 శాతం, పీడనం 21 శాతం, మోటారు భారం 33 శాతం పెరుగుతాయి. రెక్కలు ఆ వేగానికి తట్టుకుంటాయో లేదో కూడా కంపెనీని అడగాలి.

నాలుగవది, ఫ్యాను నోటికే వంపు పెట్టడం. చోటు లేదని ఫ్యాను నోటికి ఆనించి డక్టును వంచితే గాలి సుడి తిరుగుతూ ఒక పక్కకే పోతుంది. లెక్క ఎంత సరిగ్గా ఉన్నా పట్టికలో రాసినంత గాలి రాదు. నోటి ముందు కొంత దూరం డక్టు తిన్నగా ఉండాలి.

కొటేషను అడిగేటప్పుడు రాయవలసినవి

ఇంత హెచ్.పి. ఫ్యాను కావాలి అని మాత్రమే రాయకండి. ఈ వివరాలన్నీ రాయండి:

1. ఫ్యాను నోటి దగ్గర గంటకు ఎన్ని ఘనపు మీటర్లు కావాలి. అవి అక్కడి గాలికా, నార్మల్‌వా.
2. నోటి దగ్గర అత్యధిక, అత్యల్ప ఉష్ణోగ్రతలు.
3. ఊరి ఎత్తు.
4. గాలిలో తేమ, ఆవిరి, పొడి, ఊక, బూడిద ఎంత.
5. పీల్చే వైపు ఎంత పీడనం, తోసే వైపు ఎంత పీడనం, ఏ సాంద్రతకు.
6. చల్లగాలితో స్టార్టు చేయవలసి ఉంటుందా.

కంపెనీ జవాబులో ఏ సాంద్రతకు ఈ ఫ్యాను ఎంచుకున్నారో, ఆ సాంద్రత వద్ద శక్తి ఎంతో, చల్లగాలి వద్ద శక్తి ఎంతో రాసి ఉండాలి. అది లేని కొటేషను ఎంత చవకైనా పక్కన పెట్టండి.

ఫ్యాను వచ్చిన తర్వాత పరీక్షించడానికి పెద్ద సామాను అక్కరలేదు. నోటి దగ్గర ఒక థర్మామీటరు, మోటారుకు ఒక ఆంపియర్ మీటరు, పారదర్శకమైన సన్నని గొట్టాన్ని ‘యు’ ఆకారంలో వంచి రంగునీరు పోసిన మానోమీటరు చాలు. గొట్టం ఒక కొనను డక్టుకు తగిలిస్తే రెండు వైపుల నీటి మట్టాల తేడాయే మిల్లీమీటర్లలో పీడనం. మొదటి రోజు రీడింగులను ఉష్ణోగ్రతతో సహా పుస్తకంలో రాసి ఉంచండి. మే నెలలో పీడనం కాస్త తగ్గితే కంగారు పడకుండా, అది గాలి బరువు తేడాయా, ఫిల్టరు మూసుకుపోవడమా అని ఆ పుస్తకమే చెబుతుంది.

అభ్యాసం

1. పట్టికలో 150 మిల్లీమీటర్లు ఇచ్చే ఫ్యాను మే నెలలో 1.07 సాంద్రత వద్ద ఎంత పీడనం ఇస్తుంది?

2. డ్రయ్యరు గాలి సాంద్రత 0.9. కావలసిన పీడనం 120 మిల్లీమీటర్లు. పట్టికలో ఎక్కడ వెతకాలి?

3. పట్టికలో 12 హెచ్.పి. చూపిన ఫ్యాను 0.75 సాంద్రత పొగ మీద ఎంత తీసుకుంటుంది? చలికాలపు ఉదయం చల్లగాలితో స్టార్టు చేస్తే ఎంత? ఏ మోటారు కొనాలి?

జవాబులు: 1. 150 × 1.07 ÷ 1.2 = సుమారు 134 మిల్లీమీటర్లు. 2. 120 × 1.2 ÷ 0.9 = 160 మిల్లీమీటర్లు. 3. పొగ మీద 7.5 హెచ్.పి. చలికాలపు ఉదయం 1.2 సాంద్రత కనుక డాంపరు తెరిచి ఉంటే పూర్తి 12 హెచ్.పి. కొనవలసింది 15 హెచ్.పి. మోటారు.

ఈ పాఠాన్ని వచ్చే పాలక వర్గ సమావేశంలో ఒకసారి చదివి, మీ కేంద్రంలోని ఒక ఫ్యాను నోటి దగ్గర ఉష్ణోగ్రత కొలిచి, దాని గాలి బరువు మీరే లెక్క కట్టి చూడండి. తూకం, వెన్న శాతం విషయంలో మనం ఎంత నిక్కచ్చిగా ఉంటామో, సంఘం డబ్బుతో కొనే యంత్రం విషయంలోనూ అంత నిక్కచ్చిగా ఉండాలి.